జీతం కదిలింది... గీత కదల్లేదు

*న్యూజిలాండ్‌లో 2010 అక్టోబరు నాటి మూడు ఆదాయపన్ను గీతలు 2024 జులై దాకా అక్కడే ఉండిపోయాయి. ఆలోగా ధరలు మూడో వంతుకు పైగా పెరిగాయి. పార్లమెంటులో ఒక్కరూ చెయ్యెత్తకుండానే ఆక్లాండ్ వంటగదుల్లో, షాపు కౌంటర్ల వెనక, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ల పన్ను పెరుగుతూ వచ్చింది.*

2024 ఏప్రిల్. ఆక్లాండ్ క్వీన్ స్ట్రీట్‌లో రాత్రి పదిన్నర దాటింది. ఫుడ్ కోర్టు షట్టర్లు సగం దిగాయి. లోపల ఇంకా నేల తుడుస్తున్న చప్పుడు. బయట సన్నగా జల్లు. బస్టాపు కప్పు కింద ఇద్దరు తెలుగు కుర్రాళ్లు నిలబడి ఉన్నారు. ఇద్దరి జాకెట్లకీ మాడిన నూనె వాసనే. ఒకడిది కరీంనగర్ వైపు, రెండోవాడిది తెనాలి దగ్గర పల్లెటూరు. కరీంనగర్ కుర్రాడు ఫోన్లో పేస్లిప్ తెరిచి, రెండు వేళ్లతో పెద్దది చేసి చూస్తున్నాడు.

“అన్నా, జీతం పెరిగిందంటివి గదా. వారానికి పద్దెనిమిది డాలర్లు పెరిగితే చేతిల పద్నాలుగు కూడా పడలే.”

“పెరిగినదాని మీద కూడా పన్ను పడుద్ది కదరా. ఏసీసీ ప్రమాద బీమా కూడా కోస్తారు.”

“అది తెల్వదా అన్నా నాకు? క్యాలిక్యులేటర్ల కొట్టి చూస్తే ముప్పై శాతం శ్లాబు అని చూపెడుతుంది. మనది పదిహేడున్నర గదా?”

తెనాలి అన్న ఫోను లాక్కుని చూశాడు. కాసేపటికి నవ్వాడు. “ముప్పై శాతం అంటే ఆఫీసుల్లో కూర్చునేవాళ్లది అనుకున్నా. మనమూ పెద్దోళ్లమైపోయాం రా తమ్ముడూ!”

ఇలాంటి మాటలు ఆ నెలలో ఊళ్లో ఎన్ని బస్టాపుల్లో నడిచాయో. ఆ కుర్రాడి క్యాలిక్యులేటర్ తప్పు చెప్పలేదు. ఆ ఏడాది ఏప్రిల్ 1న న్యూజిలాండ్ కనీస వేతనం గంటకు 22.70 డాలర్ల నుంచి 23.15కు పెరిగింది. వారానికి నలభై గంటలు, ఏడాదికి యాభై రెండు వారాలు లెక్కేస్తే 48,152 డాలర్లు. అప్పటికి 17.5 శాతం శ్లాబు 48,000 దగ్గర ఆగిపోయేది. ఆ పైన వచ్చే ప్రతి డాలరుకూ 30 శాతం. అంటే పెద్దవాళ్లకు చట్టం ఒప్పుకునే అతి తక్కువ జీతం మీద పూర్తికాలం పనిచేసే మనిషి కూడా, బాగా సంపాదించేవాళ్ల కోసం గీసిన శ్లాబులోకి 152 డాలర్ల మేర అడుగుపెట్టాడు.

ఆ 152 డాలర్ల మీద అదనంగా పడేది ఏడాదికి 19 డాలర్లే. పెద్ద మొత్తం కాదు. అసలు దెబ్బ ఓవర్‌టైమ్ మీద పడింది. శనివారం ఒక షిఫ్టు, ఎనిమిది గంటలు, అదనంగా చేస్తే 185.20 డాలర్లు. పాత లెక్కన, 17.5 శాతం చొప్పున, అందులో 32.41 పన్ను. కొత్తగా 30 శాతం చొప్పున 55.56. తేడా 23.15. సరిగ్గా ఒక గంట కూలి. ఎనిమిది గంటలు గిన్నెలు తోమితే ఇదివరకు కట్టే పన్నుకు తోడు మరో గంట సంపాదన ఖజానాకే పోయింది. దీనికోసం ఏ మంత్రీ పన్ను పెంచుతున్నానని చెప్పలేదు. ఏ బిల్లూ పాసు కాలేదు.

పద్నాలుగేళ్లు నిద్రపోయిన శ్లాబులు

ఆ గీతలకు ఈ రేట్లు వచ్చింది 2010 అక్టోబరు 1న. జాన్ కీ ప్రధానిగా, బిల్ ఇంగ్లిష్ ఆర్థిక మంత్రిగా ఉన్న నేషనల్ పార్టీ ప్రభుత్వం ఆరోజు ఆదాయపన్ను తగ్గించి, అదే రోజు జీఎస్టీని 12.5 నుంచి 15 శాతానికి పెంచింది. కొత్త రేట్లు ఇవీ: 14,000 డాలర్ల దాకా 10.5 శాతం, అక్కణ్ణించి 48,000 దాకా 17.5, 70,000 దాకా 30, ఆ పైన 33. ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్లు మొదట ఆశ్చర్యపోయే సంగతి ఒకటుంది. ఇక్కడ ‘ఇంతదాకా పన్ను లేదు’ అనే మినహాయింపు లేదు. మొదటి డాలరు నుంచే కోత మొదలు. బియ్యం, కందిపప్పు, టమాటా, ఉల్లిపాయ అన్నింటి మీదా 15 శాతం జీఎస్టీ ఉంటుంది.

2010లో కనీస వేతనం గంటకు 12.75 డాలర్లు. పూర్తికాలం పనిచేస్తే ఏడాదికి 26,520. ముప్పై శాతం గీతకి ఇరవై వేల డాలర్లకు పైగా దూరం. అప్పట్లో అలాంటి కార్మికుడు తన సంపాదనలో సగటున 13.8 శాతం పన్ను కట్టేవాడు. 2024 ఏప్రిల్ నాటికి అదే పని, అవే గంటలు, అవే పాత రేట్లు. కట్టాల్సింది 15.5 శాతం అయింది.

పైమెట్టు మీదా ఇదే కథ. 70,000 డాలర్లు దాటితే 33 శాతం అన్నప్పుడు అది బాగా సంపాదించేవాళ్ల గీత. పదేళ్లు గడిచేసరికి దేశంలో పూర్తికాలం ఉద్యోగి సగటు జీతమే ఆ గీత దాటిపోయింది. విన్‌యార్డ్ క్వార్టర్ ఆఫీసుల్లో టెస్టింగ్ ఉద్యోగంతో మొదలుపెట్టిన కుర్రాడు మూడు నాలుగేళ్లలో అక్కడికి చేరేవాడు. హాబ్సన్ స్ట్రీట్ అపార్ట్‌మెంట్లో అద్దెకుండే మనిషికి తను ఒకప్పటి ధనవంతుల శ్లాబులో ఉన్నానని చెబితే నవ్వుతాడు.

2022 జూన్ త్రైమాసికంలో న్యూజిలాండ్ ద్రవ్యోల్బణం 7.3 శాతానికి ఎగబాకింది. యజమానులు జీతాలు పెంచక తప్పలేదు. పెరిగిన జీతం ధరలకే సరిపోలేదు. దాని మీద మళ్లీ పై శ్లాబు రేటు. ఏళ్ల తరబడి ఆర్థికవేత్తలు పేపర్లలో ‘బ్రాకెట్ క్రీప్’ అని రాస్తూ వచ్చిన వ్యవహారం ఆ రోజుల్లో ఇంటింటికీ అర్థమైంది.

ఓటు లేని పెంపు

లెక్క ఒకటి దగ్గరగా చూద్దాం. 2010 చివర్లో ఏడాదికి 45,000 డాలర్లు తెచ్చుకునే ఉద్యోగి ఉన్నాడనుకోండి. అప్పటి శ్లాబుల ప్రకారం ఆయన కట్టే పన్ను 6,895 డాలర్లు. జీతంలో 15.3 శాతం. తర్వాతి ఏళ్లలో ధరలు మూడో వంతు పెరిగాయి, ఆయన జీతమూ అంతే పెరిగి 60,000 అయింది అనుకుందాం. బజారులో ఆయన కొనగలిగేది అదే బుట్ట. ఒక్క కొత్తిమీర కట్ట కూడా ఎక్కువ రాదు. పన్ను మాత్రం 11,020 డాలర్లయింది. 18.4 శాతం. శ్లాబులు కూడా ధరలతో పాటు మూడో వంతు జరిగి ఉంటే 9,193 కడితే సరిపోయేది. తేడా ఏడాదికి 1,827 డాలర్లు, వారానికి 35. ఆయన ధనవంతుడు కాలేదు. శ్లాబులు మాత్రం అయ్యాడనే అనుకున్నాయి.

1958 ఏప్రిల్ నుంచి న్యూజిలాండ్‌లో పన్నును జీతంలోంచే కోసుకునే పద్ధతి ఉంది. జీతగాడు ప్రత్యేకంగా చెక్కు రాసేదేమీ లేదు. కాబట్టి నొప్పి తెలియదు. పన్నుల శాఖ ఐఆర్‌డీ ఏటా తనంతట తనే లెక్క తేల్చి రీఫండ్ వేస్తే సంతోషం కూడా. ఇంత సులువైన పద్ధతి ఇండియాలో జీతగాళ్లు కలగనాల్సిందే. అయితే ఆ సులువు వెనకే ఈ పెంపు ఇన్నేళ్లు కనపడకుండా సాగింది.

> మద్యానికి ఉన్న మర్యాద
>
> న్యూజిలాండ్ ప్రభుత్వానికి సూచీతో ముడిపెట్టడం తెలియక కాదు. మద్యం మీద ఎక్సైజ్ సుంకం ఏటా జులైలో ధరల సూచీ ప్రకారం దానంతట అదే పెరుగుతుంది. పొగాకు సుంకానికి ఆ సవరణ జనవరిలో జరుగుతుంది. నిరుద్యోగ భృతి వంటి సాయాల మొత్తాన్ని ఏటా ఏప్రిల్లో సవరిస్తారు. వృద్ధుల పింఛను ధరల మీదా, సగటు వేతనం మీదా కన్నేసి ఉంచుతుంది. బీరు సీసా మీద సుంకానికి ఉన్న ఏటేటా సవరణ జీతగాడి శ్లాబుకు లేదు.

చూయింగ్ గమ్ బడ్జెట్

శ్లాబులకు ఈ ముడి వేయడానికి ఒకాయన ప్రయత్నించాడు. నవ్వులపాలయ్యాడు.

లేబర్ ఆర్థిక మంత్రి మైకేల్ కల్లెన్ 2000 ఏప్రిల్లో 60,000 డాలర్ల పైన 39 శాతం శ్లాబు తెచ్చాడు. అది తగిలేది పన్ను కట్టేవాళ్లలో అయిదు శాతం మందికే అని పార్టీ మాట. ఎనిమిదేళ్లు ఆ 60,000 కదల్లేదు. ఏడాదికేడాది అనుభవమున్న టీచర్లు, పోలీసు అధికారులు కూడా దాని అంచుకు చేరారు. విమర్శలు పెరిగాక 2005 బడ్జెట్లో కల్లెన్ ఒక మాట ఇచ్చాడు: 2008 ఏప్రిల్ నుంచి మొదలుపెట్టి, మూడేళ్లకోసారి శ్లాబుల్ని ద్రవ్యోల్బణానికి తగ్గట్టు జరుపుతాం.

కింది ఆదాయాల వాళ్లకు దానివల్ల మిగిలేది మొదట వారానికి 67 సెంట్లు. దాంతో ఒక చూయింగ్ గమ్ పొట్లం వస్తుందని ప్రతిపక్షం, పత్రికలు ఆడుకున్నాయి. చూయింగ్ గమ్ బడ్జెట్ అన్న పేరు స్థిరపడిపోయింది. 2007 బడ్జెట్లో ఆ ప్రతిపాదనే రద్దయింది. మరుసటేడు ఎన్నికలు ముంచుకొస్తుంటే అదే కల్లెన్ అక్టోబరు 1 నుంచి పెద్ద పన్ను కోత ప్రకటించాడు. అయినా లేబర్ ఓడిపోయింది.

ఆ 67 సెంట్ల ఎగతాళి న్యూజిలాండ్ పన్ను చరిత్రలో చాలా ఖరీదైన జోకు. మూడేళ్లకోసారి నిశ్శబ్దంగా జరిగే సవరణ చూడ్డానికి అల్పంగానే ఉంటుంది. అలాంటివి నాలుగైదు కలిస్తే ఎంతవుతుందో పైన 1,827 డాలర్ల లెక్కలో చూశాం. రాజకీయ నాయకుడికి మాత్రం ఏటా పిడికెడు ఇవ్వడం కంటే పదేళ్లకోసారి బస్తా ఇచ్చి ఫొటో దిగడం లాభం. అది ఆయన ఇచ్చిన బస్తా కాదు, మన దగ్గర పోగేసినదే, అన్నది ఎవరికీ గుర్తుండదు.

తర్వాత వచ్చినవాళ్లూ ఇదే దారి తొక్కారు. 2017 మేలో నేషనల్ ఆర్థిక మంత్రి స్టీవెన్ జాయిస్ 14,000ను 22,000కు, 48,000ను 52,000కు జరుపుతానన్నాడు. 2018 ఏప్రిల్ నుంచి అమలు కావాలి. మధ్యలో ఎన్నికలు వచ్చాయి, ప్రభుత్వం మారింది. డిసెంబరులో లేబర్ ఆర్థిక మంత్రి గ్రాంట్ రాబర్ట్‌సన్ ఆ సవరణను అమలుకు ముందే రద్దు చేశాడు. ఆ డబ్బును పిల్లలున్న తక్కువ ఆదాయ కుటుంబాలకు, చలికాలపు కరెంటు సాయానికి మళ్లించాడు. 2019 జనవరిలో ప్రతిపక్ష నేత సైమన్ బ్రిడ్జెస్ మూడేళ్లకోసారి శ్లాబుల్ని ధరలతో జరిపే చట్టం తెస్తానన్నాడు. ఆయన అధికారంలోకి రాలేదు. 2021 ఏప్రిల్లో లేబర్ 1,80,000 డాలర్ల పైన కొత్తగా 39 శాతం శ్లాబు చేర్చింది. కింది గీతల్ని ముట్టుకోలేదు.

చివరికి 2024 మే 30 బడ్జెట్లో నేషనల్ ఆర్థిక మంత్రి నికోలా విల్లిస్ వాటిని కదిపింది. జులై 31 నుంచి 14,000 కాస్తా 15,600 అయింది, 48,000 కాస్తా 53,500, 70,000 కాస్తా 78,100. మూడింటికీ దాదాపు పదకొండున్నర శాతం పెంపు. ధరలు పెరిగింది దానికి మూడింతలు. 1,80,000 గీత ఉన్నచోటే ఉంది.

> ఎవరికి ఎంత మిగిలింది?
>
> 2024 జులై 31 సవరణ వల్ల ఏడాదికి ఆదా, ఇతర క్రెడిట్లు కలపకుండా:
>
> ఆదాయం 15,600 నుంచి 48,000 డాలర్ల మధ్య ఉంటే: 112 డాలర్లు (వారానికి 2.15)
>
> 53,500 నుంచి 70,000 మధ్య: 799.50 డాలర్లు (వారానికి సుమారు 15)
>
> 78,100, ఆ పైన ఎంత ఉన్నా: 1,042.50 డాలర్లు (వారానికి సుమారు 20)

పైన మన 60,000 డాలర్ల ఉద్యోగి సంగతేమిటి? కొత్త శ్లాబుల ప్రకారం ఆయన పన్ను 10,220 డాలర్లు. 2010 నాటి న్యాయం ప్రకారం కట్టాల్సింది 9,193. అంటే సవరణ తర్వాత కూడా ఏటా వెయ్యి డాలర్లకు పైగా ఎక్కువే కడుతున్నాడు. దాన్ని పన్ను కోత అని ప్రచారం చేశారు. పన్ను పెంపులో కొంత వెనక్కి ఇచ్చారు అనడమే సరి.

రెండు గీతల మధ్య ఇరుక్కున్న ఇల్లు

పిల్లలున్న ఇళ్లకు మరో చిక్కు. ‘వర్కింగ్ ఫర్ ఫ్యామిలీస్’ పేరుతో ప్రభుత్వం ఇచ్చే పన్ను క్రెడిట్ కుటుంబ ఆదాయం ఒక పరిమితి దాటితే తగ్గుతూ పోతుంది. 2018 జులైలో ఆ పరిమితిని 42,700 డాలర్లుగా పెట్టారు. అప్పట్లో కనీస వేతనం గంటకు 16.50. ఒక్కరు పూర్తికాలం పనిచేసే ఇంటి ఆదాయం 34,320. పరిమితికి చాలా దిగువన. 2024కు వచ్చేసరికి అదే ఇల్లు, అదే ఒక్క కనీస వేతనంతో, పరిమితిని అయిదు వేల డాలర్లకు పైగా దాటేసింది. దాటిన ప్రతి డాలరుకూ 27 సెంట్ల క్రెడిట్ పోయేది.

ఇద్దరు పిల్లల తండ్రి, రెసిడెన్సీ వచ్చి ఆ క్రెడిట్‌కు అర్హుడైన డ్రైవరు ఒకరు 60,000 దగ్గర ఉన్నాడనుకుందాం. ఆదివారం అదనంగా బండి నడిపి వంద డాలర్లు తెచ్చాడు. ముప్పై పన్ను. ఇరవై ఏడు క్రెడిట్ కోత. ఏసీసీ లెవీ మరో డాలరున్నర పైన. మిగిలేది నలభై ఒక్క డాలర్లు. ‘ఇంతకంటే ఇంట్లో కూర్చుంటే పిల్లలతోనైనా ఆడుకోవచ్చు’ అని ఆయన భార్య అంటే ఎవరు కాదంటారు? లక్షల్లో సంపాదించే మనిషికి పై డాలరు మీద పోయేది 39 సెంట్లు. ఈ డ్రైవరుకు పోయేది 59. ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ ఇలా రాసి ఉండదు. గీతలు రెండూ ఉన్నచోటే ఉండిపోవడం వల్ల పుట్టిన రేటు ఇది. 2025 బడ్జెట్లో ఆ పరిమితిని 44,900కు జరిపారు, 2026 ఏప్రిల్ నుంచి. కోత రేటును మాత్రం 27 నుంచి 27.5కు పెంచారు. ఒక చేత్తో ఇచ్చింది రెండో చేత్తో కొంత తీసుకున్నారు.

అవతలి వాదన

సూచీతో ముడి వద్దనేవాళ్ల మాటలోనూ పస ఉంది. పై పెట్టెలో లెక్క మళ్లీ చూడండి. గీతల్ని జరిపితే గిన్నెలు తోమే మనిషికి 112 డాలర్లు మిగిలాయి, టవర్లో పై అంతస్తులో కూర్చునే మేనేజరుకు 1,042 మిగిలాయి. అదే డబ్బును పిల్లలున్న పేద ఇళ్లకు నేరుగా ఇస్తే ఎక్కువ న్యాయం కాదా? 2017లో రాబర్ట్‌సన్ చేసింది అదే. ఆసుపత్రుల్లో నర్సులు, ముసలివాళ్లకు పింఛను, విరిగిన రోడ్లు, వీటన్నింటికీ డబ్బు ఎక్కణ్ణించో రావాలి కూడా.

ఒప్పుకోవాల్సిన మాటే. కానీ డబ్బు కావాల్సి వస్తే అడిగి తీసుకోవాలి. రేటు పెంచుతున్నాం, ఫలానా పనికి, అని పార్లమెంటులో బిల్లు పెట్టాలి. 2021లో 39 శాతం శ్లాబు అలాగే వచ్చింది. పార్టీ ముందే చెప్పింది, జనం ఓటేశారు, చట్టమైంది. అది నచ్చనివాళ్లు కూడా మోసం అనలేకపోయారు. గీతను ఉన్నచోటే వదిలేసి ధరల చేత పన్ను పెంచడం వేరు. పైగా ఆ పెంపు జీతగాళ్లకే తగులుతుంది.

> 311 కుటుంబాలు
>
> 2023 ఏప్రిల్లో ఐఆర్‌డీ దేశంలోని 311 అత్యంత సంపన్న కుటుంబాల పన్ను లెక్కను బయటపెట్టింది. అమ్మని ఆస్తుల విలువ పెరుగుదలను కూడా ఆదాయంగా కలిపి చూస్తే వాళ్లు కడుతున్నది 9.4 శాతం. జీఎస్టీ కలిపి మధ్యతరగతి మనిషి కడుతున్నది 20.2 శాతమని ట్రెజరీ లెక్క. న్యూజిలాండ్‌లో ఆస్తి లాభాల మీద సాధారణ పన్ను లేదు. 2019లో కల్లెన్ అధ్యక్షతన పనిచేసిన పన్ను కమిటీ అలాంటి పన్ను పెట్టమంది. ఆ ఏప్రిల్లో ప్రధాని జసిండా ఆర్డెర్న్ కాదన్నారు.

సంపన్నుడి ఆదాయంలో పెద్ద భాగం ఇల్లు, భూమి, కంపెనీ వాటాల విలువ పెరగడం. దానికి శ్లాబుతో పనిలేదు. కాబట్టి గీత కదలకపోతే ఆయనకొచ్చే నష్టం స్వల్పం. జీతం తప్ప మరో ఆదాయం లేనివాడే ప్రతి ఏడూ ఒక మెట్టు పైకి నెట్టబడతాడు. లేబర్ పార్టీ 2025 అక్టోబరులో అద్దె ఇళ్లు, వాణిజ్య భవనాల లాభం మీద 28 శాతం పన్ను ప్రతిపాదించింది. సొంతిల్లు దీని కిందికి రాదు. 2026 ఎన్నికల ముందు పన్నుల చర్చ ఎక్కువగా దాని మీదికే మళ్లింది. మంచిదే. ఆ గోలలో శ్లాబుల సంగతి మరుగున పడుతోంది.

మన దగ్గర మాత్రం?

ఆక్లాండ్ తెలుగువాళ్లు ఫోన్లో హైదరాబాద్, విజయవాడ అన్నదమ్ములతో ఈ విషయం మాట్లాడితే అవతలి నుంచి వినపడేది సానుభూతి కాదు, ‘మాకూ అంతే’ అన్న మాట. రెండు దేశాల పన్ను ఏడాదీ ఏప్రిల్ 1నే మొదలవుతుంది. రెండు చోట్లా శ్లాబు జరగాలంటే ఆర్థిక మంత్రి దయ ఉండాలి. ఇండియాలో పాత విధానంలో రెండున్నర లక్షల రూపాయల మినహాయింపు 2014లో పెట్టింది. ఇప్పటికీ అంతే. 2025 ఫిబ్రవరి 1న నిర్మలా సీతారామన్ కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్ను లేదనగానే మధ్యతరగతి పండగ చేసుకుంది. ఆ 12 లక్షలు ఎన్నేళ్లు అక్కడే ఉంటాయో చట్టంలో రాసి లేదు.

తెలుగు రాష్ట్రాల్లో అందరూ మరిచిపోయిన ఉదాహరణ ఒకటుంది. వృత్తి పన్ను. నెలకు 15,000 దాటితే 150 రూపాయలు, 20,000 దాటితే 200. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఇదే. ఇరవై వేల జీతం ఒకప్పుడు గౌరవమైన ఉద్యోగం. ఇప్పుడు హైదరాబాద్‌లో ఆ జీతంతో గది అద్దె కట్టి, మెస్సులో తిని, ఇంటికి పంపడానికి ఏమైనా మిగులుతుందా? ఇక్కడ తమాషా ఏమిటంటే గీత కదలకపోవడం రెండు వైపులా పనిచేసింది. వృత్తి పన్ను ఏడాదికి 2,500 రూపాయలు దాటకూడదని 1988 రాజ్యాంగ సవరణలో రాశారు. ఆ పరిమితీ కదల్లేదు. అందుకే నెలకు అయిదు లక్షలు తెచ్చుకునే డైరెక్టరూ, పాతిక వేలు తెచ్చుకునే గుమస్తా ఒకే 200 రూపాయలు కడతారు.

ఊళ్లో స్థలం ఉన్న ప్రవాసులకు ఇంకో దెబ్బ 2024 జులై 23 కేంద్ర బడ్జెట్లో తగిలింది. అంతదాకా ఇల్లో స్థలమో అమ్మితే కొన్న ధరను ద్రవ్యోల్బణ సూచీతో పెంచి, మిగతా లాభం మీదే 20 శాతం పన్ను వేసేవాళ్లు. ఆ సూచీ సదుపాయం తీసేసి రేటును 12.5 శాతం చేశారు. గొడవయ్యాక, అంతకుముందు కొన్న ఆస్తులకు పాత లెక్కో కొత్త లెక్కో ఎంచుకోవచ్చన్నారు. ఆ వెసులుబాటు దేశంలో నివసించేవాళ్లకే ఇచ్చారు. ఇరవై ఏళ్ల కింద మియాపూర్‌లో ప్లాటు కొని ఆక్లాండ్ వచ్చేసిన ఎన్ఆర్ఐకి అది లేదు. అక్కడ ధరలు పెరిగినందుకూ, ఇక్కడ ధరలు పెరిగినందుకూ రెండు చోట్లా ఆయనే కడుతున్నాడు.

చేసినవాళ్లు ఉన్నారు

ఇదేమీ అసాధ్యమైన పని కాదు. కెనడా 1974 నుంచీ శ్లాబుల్ని ధరలతో ముడిపెట్టింది. మధ్యలో కొన్నేళ్లు సగం సగంగా చేసి, 2000లో మళ్లీ పూర్తిగా మొదలుపెట్టింది. అమెరికాలో 1981 చట్టం ప్రకారం 1985 నుంచి శ్లాబులు ఏటా జరుగుతున్నాయి. డల్లాస్‌లో ఉండే తెలుగువాళ్లకు ఈ చర్చే కొత్తగా అనిపిస్తుంది. బ్రిటన్‌లో 1977లో ఇద్దరు లేబర్ ఎంపీలు సొంత ప్రభుత్వాన్నే ఎదిరించి సూచీ నిబంధన పెట్టించారు. అదే బ్రిటన్ ఇప్పుడు వ్యక్తిగత మినహాయింపును 12,570 పౌండ్ల దగ్గర 2021 నుంచి గడ్డకట్టించింది. గడువు మొదట 2026, తర్వాత 2028, 2025 నవంబరు బడ్జెట్లో 2031. అయితే తేడా చూడండి. అక్కడ గీతను ఆపాలంటే మంత్రి లేచి ‘ఆపుతున్నాను’ అని చెప్పాలి. పత్రికలు మొదటి పేజీలో రాస్తాయి, ప్రతిపక్షం నిలదీస్తుంది. న్యూజిలాండ్‌లో ఏమీ చెప్పకుండా ఊరుకుంటే చాలు, పన్ను పెరుగుతుంది.

కావలసింది చిన్న మార్పు. మూడేళ్లకోసారి, అంటే పార్లమెంటు గడువుకొకసారి, అన్ని శ్లాబులూ ధరల సూచీ ప్రకారం వాటంతట అవే జరగాలని చట్టంలో ఒక సెక్షన్. 39 శాతం గీతను జరపడం ఇష్టం లేని పార్టీ దాన్ని మినహాయించమని బిల్లు పెట్టుకోవచ్చు. క్రెడిట్ల పరిమితులను కూడా అదే ముడిలో కలపాలి, లేకపోతే పన్నులో మిగిలింది క్రెడిట్ కోతలో పోతుంది. ఖజానాకు డబ్బు చాలకపోతే రేటు పెంచుతామని ఓట్లడిగే ధైర్యం పార్టీలకు ఉండాలి.

న్యూజిలాండ్‌లో ఓటేయడానికి పౌరసత్వం అక్కర్లేదు. రెసిడెన్సీ ఉండి, ఏడాది పాటు ఇక్కడ నివసించిన పద్దెనిమిదేళ్లు నిండిన ఎవరైనా ఓటరుగా నమోదు కావచ్చు. ఆక్లాండ్‌లో ఆ అర్హత ఉండీ పేరు నమోదు చేసుకోని తెలుగువాళ్లు ఉంటే ఈ వారమే ఆ పని పూర్తి చేయండి. అభ్యర్థులు గుడికీ, పండగ సంబరాలకీ వచ్చి నమస్తే చెప్పినప్పుడు పన్ను ఎంత తగ్గిస్తారని అడగొద్దు. శ్లాబులు ఏ చట్టం ప్రకారం, ఏ ఏడాది నుంచి, ఎన్నేళ్లకోసారి జరుగుతాయో తేదీతో సహా చెప్పమనండి.